చేతులు కాలక మునుపే

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన దేశమునకు పాతబడిన యలవాటు. కఱవు తాండవించిన పిమ్మట చెఱువుల పూడిక జ్ఞాపకమునకు వచ్చును. వఱద యూరిలో ప్రవేశించిన పిమ్మట కరకట్టల బలహీనత తెలియవచ్చును. హెచ్.ఐ.వి. విషయమున ఈ దురభ్యాసమును మానుటకు వలసిన సాధనము నేడు సిద్ధముగా నున్నది. ఆ సూక్ష్మజీవి శరీరమున నాటుకొనక మునుపే దానిని నిరోధించు ఔషధము కలదు. అది నిన్నమొన్న కనుగొన్న వింత కాదు. అమెరికా ప్రభుత్వమువారి ఔషధశాఖ దానిని 2012వ సంవత్సరముననే యంగీకరించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రమాదస్థితిలో నున్నవారికెల్ల దానిని సిఫారసు చేసినది. దానిని సముద్రములు దాటించి తెప్పించుకొనవలసిన యగత్యమును లేదు; ఇట్టి మందులు మన హైదరాబాదు కంపెనీలే తయారు చేయుచున్నవి. ఇంత యుండియు ఆ మందు కావలసినవారిలో పెక్కుమందికి అందకున్నది. ఏల అందకున్నదని యడుగుటయే నేటి మా యుద్దేశము.

ముందు లెక్కలు చూతము. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థవారి 2023వ సంవత్సరపు అంచనాల ప్రకారము భారతదేశమున హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు 25 లక్షలకు పైబడి యున్నారు. ఆ యొక్క సంవత్సరముననే క్రొత్తగా సోకినవారు 68 వేలకు మించిరి. అనగా దినమునకు 180 మందికి పైగా, గంటకు ఏడుగురికి తక్కువ కాకుండ. పెద్దవారిలో ఈ సూక్ష్మజీవి సోకినవారు దేశము మొత్తముమీద నూటికి 0.2 వంతు కాగా, ఆంధ్రప్రదేశమున 0.62, తెలంగాణమున 0.44 వంతు. మిజోరము, నాగాలాండు, మణిపురములను చెప్పిన పిమ్మట వెంటనే చెప్పవలసిన పేర్లు మన రెండు రాష్ట్రములవే. వరిపంటలో, విద్యలో, వ్యాపారమున ముందున్నామని చెప్పుకొను తెలుగుజాతి ఈ పట్టికలో సైతము ముందుండుట గర్వకారణమా?

2010వ సంవత్సరముతో పోల్చినచో 2023 నాటికి క్రొత్తగా సోకుట దేశమున 44 శాతము తగ్గిన మాట నిజమే. ఉచిత చికిత్సకును, పరీక్షాకేంద్రములకును, గ్రామ గ్రామము తిరిగిన కార్యకర్తలకును ఆ కీర్తి చెందవలసినదే. కాని తగ్గినదని చెప్పుకొనుచు కూర్చుండుట, వఱద యొక అడుగు తీసినదని గండి పూడ్చుట మానుకొనుట వంటిది. మిగిలిన 68 వేలమంది అంకెలు కారు. ప్రతియొక్కరును బ్రతుకంతయు మాత్రలతో గడుపవలసిన మనుష్యులు.

ఈ మందు పనిచేయు విధము తెలిసికొన్నగాని దానిని ముందుగా ఏల ఈయవలెనో బోధపడదు. హెచ్.ఐ.వి. రక్తములోని రక్షకకణములలో ప్రవేశించి, తన జన్యులేఖకు నకలు వ్రాయించి, ఆ నకలును కణముయొక్క మూలలేఖలోనే చేర్చివేయును. ఒక దొంగ దస్తావేజు పుట్టించి రిజిస్ట్రారు కచేరీలో దాఖలు చేయించినవానివలె అది అటుపిమ్మట ఆ యింటిలో హక్కుదారుగా కూర్చుండును. నేడు మనకున్న చికిత్స దాని యాగడమును అణచి, రోగికి నిండు నూఱేండ్ల బ్రతుకు నీయగలదు కాని, దాఖలైన ఆ దస్తావేజును రద్దు చేయజాలదు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ అను రెండు మందులు కలిపిన మాత్ర ఆ నకలు వ్రాయు కలమునే విఱుచును. అయితే సూక్ష్మజీవి వచ్చునప్పటికే మందు శరీరమున సిద్ధముగా నుండవలెను. దీనినే వైద్యులు ‘ప్రెప్’ అనుచున్నారు. ప్రమాదము జరిగిన పిమ్మట 72 గంటలలోపల మొదలుపెట్టి 28 దినములు వాడు మఱియొక విధానమును కలదు. అది అగ్నిప్రమాదమునకు నీళ్లబండి వంటిది. ప్రెప్ అగ్ని పుట్టనీయని జాగ్రత్త.

దీని బలమును గుఱించి సందేహించువారికి ప్రమాణములు కొఱత లేవు. పురుషులతో సంబంధముగల పురుషులును, ట్రాన్స్‌జెండరు స్త్రీలును 2,499 మంది పాల్గొన్న ఐప్రెక్స్ పరిశోధన ఫలితములు 2010లో వెలువడినవి. మాత్ర నిచ్చిన వర్గమున సోకుట 44 శాతము తగ్గెను. అందును రక్తపరీక్షలో మందు కనబడినవారి మట్టుకు లెక్కించినచో తగ్గుదల 92 శాతము. కెన్యా, యుగాండాలలో భార్యాభర్తలలో ఒకరికే రోగమున్న దంపతులపై జరిగి 2012లో ప్రకటితమైన పరిశోధనలో ఆ తగ్గుదల 75 శాతము. సూదిద్వారా మత్తుమందు ఎక్కించుకొనువారిపై బ్యాంకాకునందు జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో సుమారు 49 శాతము. చెప్పిన ప్రకారము మాత్ర వాడినచో లైంగికసంపర్కమువలన సోకు ప్రమాదము నూటికి 99 వంతులు తగ్గునని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమువారు చెప్పుచున్నారు.

ఇవి పరదేశపు మాటలందురేమో. మన దేశమున మైసూరునను, కలకత్తానను లైంగికవృత్తిలో నున్న స్త్రీల సంఘములే పూనుకొని ఈ మాత్రను తమవారికి ఇచ్చి చూచినవి. ఒక్కొక్కచోట ఆఱువందలకు పైబడి స్త్రీలు చేరిరి. ఆ కాలమున వారిలో ఒక్కరికైనను హెచ్.ఐ.వి. సోకలేదు. చదువురానివారు ప్రతిదినము మాత్ర మ్రింగుదురా యని సంశయించిన పండితులకు ఆ స్త్రీలు చెప్పిన సమాధానమిది. ఇంతకంటె మంచి సమాధానము ఏ విశ్వవిద్యాలయము చెప్పగలదు?

ఇక ఆక్షేపణలు. వానిలో మొదటిది, మిక్కిలి గట్టిగా వినబడునది, నీతి పేర వచ్చునది. “ఈ మందు నిచ్చినచో జనులు నిర్భయముగా దుర్మార్గమునకు దిగుదురు, రోగభయమే కదా వారిని అదుపులో నుంచుచున్నది” అని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. అయ్యా! రోగభయము నీతిని నిలుపగలిగినచో పెన్సిలిన్ లేని శతాబ్దములలో సవాయిరోగము ఈ దేశమున నామమాత్రమైనను ఉండకపోవలసినది. భయము పాపమును ఆపలేదు. దానిని చీకటిలోనికి నెట్టినది. చీకటిలోనికి నెట్టబడిన రోగము నేరస్థునితో ఆగునా? నేరమెఱుగని భార్యను చేరును. ఆమె గర్భములోని శిశువును చేరును. పతియొక్కనిని దప్ప అన్యు నెఱుగని స్త్రీలు ఈ రోగము పాలగుట మన జిల్లాలలో వైద్యులందఱు ఎఱిగిన సత్యము. ఆమె చేసిన యపచారమేమి? నీతికి కాపలా కాయుదుమను పెద్దలు ఆమెకు ఏమి సమాధానము చెప్పుదురు?

మఱియొక మాట. మన గోదావరి జిల్లాలలో బోదకాలు ఎంతటి వ్యాధియో చెప్ప నక్కఱలేదు. దానికి వాడుచున్న డైఇథైల్ కార్బమజైన్ అను మందును 1947లో లోకమునకు అందించిన పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, అధికారుల యాగ్రహమునకు గురియై, పెద్ద పట్టమును పోగొట్టుకొన్న ఆంధ్రుడాయన. ఆయన మందును ప్రభుత్వోద్యోగులు సంవత్సరమున కొకమాఱు ఇంటింటికి తెచ్చి, రోగము లేనివారిచేత సైతము మ్రింగించుచు వచ్చిరి. “నీకు దోమ ఎక్కడ కుట్టినది? ఆ రాత్రివేళ నీవు బయట ఏల పరుంటివి?” అని ఏ యుద్యోగియైన ప్రశ్నించెనా? ప్రశ్నించి యుండినచో ఆ మందు ఎవ్వరు మ్రింగియుందురు? బోదకాలునకు వర్తించు న్యాయము హెచ్.ఐ.వి.కి ఏల వర్తింపదు? వైద్యుని కర్తవ్యము వ్యాధిని నిరోధించుట. తీర్పు చెప్పుట కాదు.

రెండవ ఆక్షేపణ: “నిరోధ్ ఉండగా మాత్ర ఏల?” అని. నిరోధ్ మంచిదే, దానిని మానుమని మేము చెప్పము. సవాయి, సెగ మొదలగు రోగములనుండియు, అవాంఛిత గర్భమునుండియు ప్రెప్ మాత్ర రక్షింపదు. కావున రెండును కలిసి యుండుటయే ఉత్తమము. కాని నిరోధ్ ధరించుట పురుషుని చిత్తముపై ఆధారపడియున్నది. త్రాగివచ్చిన భర్తతో, డబ్బిచ్చి బెదరించువానితో, అధికారము చలాయించువానితో స్త్రీ వాదించి గెలువగలదా? మాత్రకు ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు. తన ప్రాణమును తన చేతిలో నుంచుకొను స్వాతంత్ర్యమును అది ఆమెకు ఇచ్చుచున్నది. స్వాతంత్ర్యమును గుఱించి సంవత్సరమున కొకదినము జెండా క్రింద ఉపన్యసించువారు ఈ చిన్న స్వాతంత్ర్యమును ఏల జంకుచు చూచుచున్నారు?

మూడవ ఆక్షేపణ: “డబ్బు ఎక్కడిది?” అని. ఈ ప్రశ్నకు చరిత్రయే ప్రత్యుత్తరము. ఎయిడ్స్ చికిత్సకు విదేశీకంపెనీలు రోగి యొక్కనికి సంవత్సరమునకు పదివేల డాలర్లకు పైగా వసూలు చేయుచున్న రోజులలో, 2001వ సంవత్సరమున, మన దేశపు సిప్లా కంపెనీ అదే చికిత్సను 350 డాలర్లకు ఇత్తునని ప్రకటించి ప్రపంచమును నివ్వెఱపఱచినది. 2009లో టెనోఫోవిర్‌పై విదేశీకంపెనీ కోరిన పేటెంటును మన పేటెంటు కార్యాలయము నిరాకరించినది. రోగుల సంఘములు సైతము అభ్యంతరములు దాఖలు చేసి పోరాడిన ఫలితమది. హైదరాబాదున ప్రభుత్వ ధనముతో వెలసిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారము ఔషధ రసాయనవిద్యను ఈ గడ్డపై నాటినది. ఆ నీడలో నేర్చినవారు ఎందఱో సొంత కర్మాగారములు స్థాపించిరి. ప్రజల పన్నులు విత్తనము. కావున పంటలో ప్రజలకు పాలున్నది.

నేడు ఆ పంట మఱింత చేతికి వచ్చుచున్నది. దినమున కొక మాత్రకు బదులు ఆఱునెలల కొకమాఱు ఇచ్చు లెనకపవిర్ అను సూదిమందు వెలువడినది. దక్షిణాఫ్రికా, యుగాండాలలో దానిని పొందిన 2,134 మంది యువతులలో ఒక్కరికైనను రోగము సోకలేదని 2024లో తేలినది. 2025 జూనులో అమెరికా దానిని అంగీకరించినది. జూలైలో ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసినది. అమెరికాలో దాని ప్రకటిత ధర సంవత్సరమునకు 28 వేల డాలర్లకు పైన, అనగా మన లెక్కలో సుమారు 25 లక్షల రూపాయలు. అదే మందును 2027 నుండి అల్పాదాయ, మధ్యాదాయ దేశములు 120టికి సంవత్సరమునకు సుమారు 40 డాలర్లకు సరఫరా చేయుదుమని 2025 సెప్టెంబరులో ప్రకటించిన కంపెనీలు రెండు: డాక్టర్ రెడ్డీసు, హెటెరో. రెండును హైదరాబాదువే! 25 లక్షల మందును మూడున్నర వేల రూపాయలకు దింపగల నేర్పు మన ముంగిట నున్నది. ఆ మందు ఓడలెక్కి ఆఫ్రికాకు పోవుట మనకు సంతోషమే, గౌరవమే. కాని ఆ కర్మాగారపు గోడ నానుకొనియున్న బస్తీలోని మనుష్యునికి అది అందకున్నచో, దీపము క్రింది చీకటి యనుటకు వేఱు నిదర్శనము కావలయునా?

రోగము సోకినవారికి ప్రభుత్వము 2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి ఉచితముగా మందు ఇచ్చుచున్నది. ఆ వ్యయము రోగి జీవితాంతము సాగును. ప్రెప్ అట్లు కాదు. ప్రమాదమున్నంత కాలమే దానిని వాడుట. ప్రమాదము తొలగినచో వైద్యుని సలహాపై మానవచ్చును. భర్తకు చికిత్స మొదలైన పిమ్మట అతని రక్తమున సూక్ష్మజీవి పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినచో అతనినుండి భార్యకు సోకదు; అంతవఱకు గడువవలసిన నెలలలో ఆమెకు మాత్ర రక్ష. కొలది నెలల ఖర్చునకు వెనుదీసి ఒక జీవితకాలపు ఖర్చును నెత్తికెత్తుకొనుట ఏ గృహస్థుడైనను పొదుపనునా?

దాచకుండ చెప్పవలసిన మాటలును కొన్ని కలవు. ఈ మందు వాడక మునుపు హెచ్.ఐ.వి. లేదని పరీక్షలో తేలవలెను. లేనిచో సూక్ష్మజీవి మందునకు లొంగనిదగును. వాడుచున్నంతకాలము మూడునెలల కొకమాఱు ఆ పరీక్ష మఱల జరుగవలెను. మూత్రపిండముల స్థితిని వైద్యుడు చూచుచుండవలెను. మాత్ర సీసాలో నున్నచో రక్షింపదు. కడుపులో పడిననే రక్షించును. ఆఫ్రికాలో స్త్రీలపై జరిగిన రెండు పెద్ద పరిశోధనలలో ఫలితము కనబడకపోవుటకు కారణము, పాల్గొన్నవారిలో పెక్కుమంది మాత్ర మ్రింగకపోవుటయే. కావున మందుతోబాటు మనుష్యుడును కావలెను: తెలిసిన భాషలో చెప్పువాడు, సిగ్గుపఱుపనివాడు, రహస్యము కాపాడువాడు. ఈ కారణముచేతనే మైసూరు, కలకత్తా స్త్రీలు గెలిచిరి.

ప్రభుత్వము ఏమి చేసినది? జాతీయ సంస్థవారు 2022లో ప్రెప్‌ను గుఱించి మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. మంచిదే. కాని సూత్రము వేఱు, సరఫరా వేఱు. చికిత్స మందు లభించినట్లు ఈ రక్షణమందు ప్రతి జిల్లాకేంద్రమున ఉచితముగా లభించు స్థితి ఇంకను కలుగలేదు. తెలిసినవాడు, ధనము గలవాడు నగరములోని ప్రైవేటు వైద్యునివద్దకు పోయి కొనుక్కొనుచున్నాడు. లారీ క్లీనరు, కూలికై వలసపోయినవాని భార్య, హిజ్రా, మత్తునకు బానిసయైన కుఱ్ఱవాడు ఎక్కడికి పోవలెను? రోగనివారణకు వలసిన చర్యలన్నియు తీసికొనుట కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల విధియని 2017వ సంవత్సరపు హెచ్.ఐ.వి. చట్టము శాసించుచున్నది. అది 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులో నున్నది. మాత్ర ఒకటి రక్షించునని తెలిసియు దానిని అందింపకుండుట ఆ చట్టమునకు లోబడుట యగునా?

పరుల దానముపై ఆధారపడుదమన్నను, ఆ దానము ఎంత నిలుకడయైనదో 2025లో చూచితిమి. ఆ జనవరిలో అమెరికా తన విదేశసాయమును హఠాత్తుగా నిలుపుచేయగా, హైదరాబాదున ట్రాన్స్‌జెండరు ప్రజలకై 2021లో ప్రారంభమై నడచుచున్న వైద్యశాల మూతపడినది. పిమ్మట మన దేశపు ధర్మనిధి యొకటి ఆదుకొనగా అది వేఱొక పేరుతో తెఱువబడినది. ఢిల్లీనుండిగాని హైదరాబాదునుండిగాని రావలసిన కాసు వాషింగ్టనునుండి వచ్చినంతకాలము మన ప్రజల ప్రాణములు పరాయివాని సంతకముపై వ్రేలాడుచుండును. స్వదేశీయమనగా నూలు వడకుట మాత్రమే కాదు. మన రోగికి మన మందు మన ఖర్చుపై ఇచ్చుకొనుటయు స్వదేశీయమే.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, రెండు తెలుగు రాష్ట్రములందును ప్రతి జిల్లా ఆసుపత్రిలోను, ప్రతి హెచ్.ఐ.వి. చికిత్సాకేంద్రములోను ప్రెప్ మాత్రయు, దానికి వలసిన పరీక్షలును ఉచితముగా నుండవలెను. రెండవది, 2027లో రానున్న సూదిమందునకై మన ప్రభుత్వములు ఇప్పటినుండియే ధనము కేటాయించి, తమ గడ్డపైనున్న కంపెనీలతో ముందుగా ఒడంబడిక చేసికొనవలెను. మూడవది, మందు కోరి వచ్చినవారిని నడవడి విచారణకు లోనుచేయరాదు. భార్య వచ్చినచో భర్త యనుమతి యడుగరాదు. వచ్చినవారి రహస్యమును కాపాడవలెను. నాలుగవది, పంపిణీని ఆయా వర్గముల సొంత సంఘముల చేతికి అప్పగింపవలెను. ఇందులో అసాధ్యమైనది ఒక్కటియు లేదు.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు సోదరులకు ఒక మనవి. గ్రంథాలయోద్యమము పుట్టినది పద్యములు చదువుకొనుటకు మాత్రమే కాదు, అజ్ఞానముతో పోరాడుటకు. ఈ మందు పేరును నలుగురిలో ఉచ్చరించుటకు సిగ్గుపడకుడు. మీ శాసనసభ్యుడు ఓట్లకై వచ్చినప్పుడు రోడ్డును, కుళాయిని అడిగినట్లే దీనినిగూర్చియు అడుగుడు. పురపాలక సభలో తీర్మానము పెట్టింపుడు. నీతిని గుఱించి ఉపన్యసించు పెద్దలు ఎదురైనచో, తల్లి గర్భమున నున్న శిశువు ఏ నీతి తప్పినదో చెప్పుమని అడుగుడు. ఈ రాత్రియు గంటకు ఏడుగురి చొప్పున మన దేశమున చేతులు కాలుచునే యున్నవి. మందు మన యూరిలోనే తయారగుచుండగా ఇంకను ఆకులు వెదకుచు కూర్చుండుట మనకు తగదు.